వేళను బట్టి వెల

సద్దుల బతుకమ్మకు ముందటి సాయంకాలము హైదరాబాదు బస్సు నిలయమున నిలిచినవారికి ఈ ప్రశ్నను వేరుగా పరిచయము చేయనక్కరలేదు. ఆ దినమున అచ్చట ప్రతి బస్సు ద్వారమువద్దను ఈ వాదమే నడచుచుండును. ఒక ఏడు మేమును ఆ గుంపులో ఉంటిమి. నర్సాపూరు, మెదకుల మీదుగా నాగిరెడ్డిపేటకు చేరవలెను. మామూలు బస్సులు మెట్లవరకు నిండి పోవుచుండెను. తుదకు ‘ప్రత్యేకము’ అని పలక కట్టిన బస్సొకటి వచ్చినది. చార్జీ మామూలుకంటె సగము హెచ్చు. మాముందు నిలిచిన వృద్ధుడొకడు, చంకలో మూట, చేతిలో గాజుల పొట్లము, కండక్టరుతో ఇట్లనెను: “పండుగ నేను పెట్టిన్నా బిడ్డా? పండుగ రేపైతే ఇయ్యాల్నే పోవాలె గద!” కండక్టరు యువకుడు, కసురుకొనలేదు. “బండి వాపసు ఖాళీగ వస్తది తాతా. ఆ డీజిలు పైసలు ఎవలియ్యాలె?” అని మాత్రమనెను. వృద్ధుడు రొండినుండి సొమ్ము తీసి, రెండుమారులు లెక్కించి ఇచ్చి ఎక్కెను. మేమును ఇచ్చి ఎక్కితిమి. మెదకు దాటువరకు ఆ రెండు మాటలును మా చెవులలో తిరుగుచునే యుండెను. ఏలయన రెండును నిజములే.

ఆ హెచ్చు చార్జీ కండక్టరు కల్పించినది కాదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ ప్రభుత్వము 2003లో జారీచేసిన 16వ సంఖ్యగల ఉత్తరువు, పండుగలకు నడపు ప్రత్యేక బస్సులలో చార్జీని ఒకటిన్నర రెట్లవరకు పెంచుకొనుటకు అనుమతించినది. 2024 దసరానాడును తెలంగాణ రోడ్డు రవాణా సంస్థ ఆ ఉత్తరువునే ఆధారముగా చూపినది. చెప్పిన కారణమును కండక్టరు చెప్పినదే. ఊరికి నిండుగా పోయిన బస్సు నగరమునకు ఖాళీగా తిరిగివచ్చును. ఆ రానుపోను ఖర్చంతయు పోవువారే భరింపవలెను. కాని పొరుగుననున్న ఆంధ్రప్రదేశ సంస్థ 2022 దసరాకు ప్రత్యేక బస్సులను మామూలు చార్జీలకే నడపినది. అక్కడి బస్సులును ఖాళీగా తిరిగివచ్చినవే. అక్కడి డీజిలును ఊరక రాలేదు. కావున ఇది ప్రకృతి నియమము కాదనియు, మనుష్యుల నిర్ణయమనియు తేలుచున్నది. మనుష్యులు నిర్ణయించినది గనుకనే దాని న్యాయాన్యాయములను విచారించుటకు మనకు అధికారము కలదు.

బస్సుతోనే ఈ ప్రశ్న ముగిసిన బాగుండును. కాని గడియారమును చూచి వెల చెప్పు పద్ధతి నేడు నలుదెసల వ్యాపించుచున్నది. 2016 సెప్టెంబరునుండి రైల్వేవారు రాజధాని, శతాబ్ది, దురంతో బండ్లలో ప్రతి పదవవంతు స్థానములు అమ్ముడుపోయినకొలది చార్జీని పదవవంతు పెంచుచు, ఒకటిన్నర రెట్లవద్ద ఆపు విధానమును ప్రవేశపెట్టిరి. చేతిఫోనుతో పిలుచుకొను కిరాయి కార్లకు రద్దీవేళలందు మూల చార్జీకి ఒకటిన్నర రెట్లు మించరాదని కేంద్ర ప్రభుత్వము 2020లో హద్దు విధించి, 2025లో ఆ హద్దును రెండు రెట్లకు జరిపినది. విద్యుత్తు విషయమై 2023లో చేసిన నియమములు ఎండకాయు గంటలలో రేటు తగ్గించి, దీపములు వెలుగు గంటలలో పదినుండి ఇరువది శాతము పెంచవలెనని చెప్పినవి. సేద్యమును మాత్రము విడిచినవి. ఇంతవరకు సరకునుబట్టి వెల ఉండెను, దూరమునుబట్టి వెల ఉండెను. ఇప్పుడు వేళనుబట్టి వెల.

దీనిని సమర్థించువారి వాదమును మేము తేలికగా తీసివేయజాలము. వారనునదేమి? బస్సులో నలుబది స్థానములున్నవి, నూరుగురు నిలిచియున్నారు. అరువదిమంది ఎట్లును మిగిలిపోవలసినదే. ఎవరు మిగులవలెనో ఏదో ఒకటి నిర్ణయింపక తప్పదు. వెల నిర్ణయింపనిచో వరుస నిర్ణయించును. వరుస లేనిచో మోచేతి బలము నిర్ణయించును. అదియు లేనిచో సిఫారసు. బస్సు ఆగకముందే కిటికీలోనుండి చేతిరుమాలు విసరి స్థానమును ఆక్రమించు విద్య మన దేశమున ఎంత పెరిగినదో చదువరులు ఎరుగుదురు. ఆ విద్యలో గర్భిణికిని, ముదుసలికిని ఎప్పుడును ఉత్తీర్ణత లేదు. వెల హెచ్చినచో, రేపు పోయినను నష్టములేనివాడు రేపే పోవును. నేడే పోవలసినవానికి చోటు దొరకును. హెచ్చు సొమ్ము వచ్చునని మరియొక బస్సు కదలును. ఇది వారి వాదము. ఇందు నిజమున్నది. నిజము లేని వాదమైనచో ఇంత దూరము వ్యాపించియుండదు.

అమెరికాలో విలియం విక్రే అను ఆర్థికశాస్త్రవేత్త 1952లోనే న్యూయార్కు నగరపు భూగర్భ రైళ్లకు వేళనుబట్టి చార్జీలుండవలెనని సూచించెను. ఆయన వాదము సరళమైనది: రద్దీగంటలో ఎక్కు ప్రతివాడును తక్కినవారిని ఇరుకునబెట్టుచున్నాడు, ఆ ఇరుకునకు వెల ఇచ్చినగాని అతనికి దాని భారము తెలియదు. నగరమువారు అప్పుడు వినలేదు. 1996లో ఆయనకు నోబెల్ బహుమానము ప్రకటింపబడినది. ప్రకటన వెలువడిన మూడు దినములకే ఆయన మరణించెను. ఈలోపల సింగపూరు ఆ మార్గమును పట్టినది. 1975లోనే అచ్చట ఉదయపు రద్దీగంటలలో నగరమధ్యమునకు కారుతో వచ్చువాడు రుసుము చెల్లింపవలెనని విధించిరి. లండను 2003లో అట్టి పనియే చేసినది.

ఐనను లండనువారు చేసినదానికిని మన బస్సు నిలయమున జరిగినదానికిని భేదమున్నది. అచ్చట రుసుము పడినది కారువానిమీద. వసూలైన సొమ్మును మొదటి పదియేండ్లు రవాణా సౌకర్యములకే వినియోగింపవలెనని చట్టమే చెప్పెను. రుసుము మొదలిడిన దినముననే వీధులలోనికి అదనపు బస్సులు వచ్చినవి. కారు విడిచినవానికి బస్సు సిద్ధముగా నుండెను. అనగా “ఈ వేళ రావలదు, లేదా ఈ విధముగా రావలదు” అని వెల అతనికి చెప్పినది. అతడు వినుటకు వీలును ఉండినది. మా వృద్ధునికి వెల ఏమి చెప్పినది? బతుకమ్మను ఎల్లుండికి జరుపుకొమ్మని చెప్పినదా? కూతురు ఊరి చెరువువద్ద పూలు వదలిన మరునాడు గాజులు తీసికొని రమ్మని చెప్పినదా? వెల ఒక మాట వంటిదని దాని సమర్థకులు అందురు. వినువానికి మారుటకు వీలులేనప్పుడు ఆ మాట సందేశము కాదు, శిస్తు.

వెలతో మరియొక చిక్కున్నది. ఎవనికి అవసరము హెచ్చో తెలిసికొనుటకు అది సాధనమని చెప్పుదురు. కాని అది అవసరమును నేరుగా కొలువదు. నూరు రూపాయలు ఒకని సంచిలో చిల్లర. మరియొకని సంచిలో నాలుగు దినముల బియ్యము. ఒకడు సరదాకు ఇచ్చునది, మరియొకడు తల్లి మంచాన పడినదని విన్నను ఇయ్యలేడు. ఎవనికి కావలెనని మనమడిగిన ప్రశ్నకు, ఎవనివద్ద ఉన్నదను ప్రశ్నకు తగిన ఉత్తరము వచ్చుచున్నది.

ఇంతవరకు మేము ప్రయాణికులమై వ్రాసితిమి. ప్రయాణికునికి న్యాయము సులభముగా కనబడును. నాగిరెడ్డిపేటలో దిగి ఇల్లు చేరిన పిమ్మట మాకు మరియొక రద్దీవేళ జ్ఞప్తికి వచ్చినది. అందును మేము కొనువారమే. కాని అమ్మువారు మాకంటె బీదలు.

మాకు పోచారము క్రింద కొంచెము పొలమున్నది. నిజాము ప్రభుత్వము 1916 మొదలు 1922 వరకు శ్రమించి మంజీరకు ఉపనదియగు ఆలేరుపై కట్టిన ఆ ఆనకట్ట నాగిరెడ్డిపేట, ఎల్లారెడ్డి ప్రాంతములలో పదివేల అయిదువందల ఎకరములకు నీరిచ్చుటకై ఉద్దేశింపబడినది. తూము ఎత్తిన దినముననే ఇన్ని వేల ఎకరముల మడులు ఒక్కసారిగా తడియును. అందరి నారును ఒక్కసారే ఎదుగును. నారు ముదిరినచో పిలక తగ్గును. పిలక తగ్గినచో గింజ తగ్గును. కనుక పదిపదునైదు దినములలో కాలువ పొడుగునను నాట్లు పడవలెను. ఆ పదిపదునైదు దినములును మా ప్రాంతపు రద్దీవేళ. నాటు వేయు స్త్రీల ముఠాలు ఎకరమునకింత అని గుత్తకు పట్టుదురు. మొదటి వారము ఒక మాట, రెండవ వారము మరియొక మాట. పొరుగూరి రైతు మోటారుబండి పంపి, ఇంకొక నూరు హెచ్చించి, మా మడి గట్టునుండియే ముఠాను తీసికొనిపోయిన దినములున్నవి. అట్టి సాయంకాలములందు మా అరుగులమీద వినబడు మాట ఒక్కటే: “కూలోల్లకు కొమ్ములచ్చినయ్.” ఊరంతయు కూడి ఒక రేటు కట్టి, దానిని మించి ఎవరును ఇయ్యరాదని కట్టుబాటు చేయవలెనను ఆలోచనయు అప్పుడే పుట్టును. మేమును ఆ అరుగుమీద కూర్చుండి తలయూపినవారమే.

ఆ రాత్రి మాకు నిద్రపట్టని కారణము ఇది. రద్దీవేళ వెల పెంచుట అన్యాయమని మెదకు దాటువరకు మేము తీర్మానించుకొనుచు వచ్చితిమి. ఆ తీర్మానమును నాటువేయు స్త్రీకిని వర్తింపజేసినచో, మా అరుగుమీది కట్టుబాటు న్యాయమగును. అది న్యాయమని మా మనస్సు ఒప్పుకొనలేదు. అట్లయిన బస్సువారు చేసినది అన్యాయమని ఏ నోటితో అందుము?

చరిత్రలో అరుగుమీది కట్టుబాటునకు పూర్వులు లేకపోలేదు. ఇంగ్లండులో 1348లో మహామారి ప్రవేశించి జనులను తుడిచివేసెను. మిగిలిన కూలివారు హెచ్చు కూలి అడుగసాగిరి. 1351లో అచ్చటి పార్లమెంటు మహామారికి ముందటి కూలికే పనిచేయవలెనని శాసనము చేసినది. గోధుమ వెల పెరిగినప్పుడు అంత త్వరగా శాసనములు పుట్టవు. అంత దూరము పోనేల? మన తెలంగాణమున వెట్టి ఎట్టిది? దొర పొలమునకు నాటు పడు వేళయే బీదవానికి తన చెక్కకును నాటు పడు వేళ. ఆ వేళకు వెల ఇయ్యక, ఆ వేళనే లాగుకొనుట వెట్టి. తన రద్దీవేళ తనది కాదని మనిషికి చెప్పుటయే అందలి క్రౌర్యము. ఆంధ్రమహాసభ మొదలు సాయుధపోరాటమువరకు దానిపై జరిగిన పోరు మన పెద్దలకు కథ కాదు, అనుభవము. వారి మనుమలమైన మేము అరుగుమీద కూర్చుండి రేటు కట్టుదుమనుట మాకు సిగ్గుగా తోచినది.

మరి భేదమెక్కడ? నాటువేయు స్త్రీకి సంవత్సరములో ఇట్టి దినములు నాటుకు ఒక పక్షము, కలుపునకు కొన్ని దినములు. తక్కిన దినములందు ఆమెయే మా వాకిట నిలిచి పని ఉన్నదా అని అడుగును. అప్పుడు మేము రద్దీలేని వేళ వెల చెప్పుదుము. ఆ పక్షపు హెచ్చు కూలి, పని లేని నెలల గ్రాసము. అంతేకాదు, ఆమె అమ్మునది స్థానము కాదు, నడుము. బస్సులో స్థానము పండుగనాడును అదే స్థానము. బురదలో వంగిన నడుము మొదటి ఎకరమునకును నాలుగవ ఎకరమునకును ఒక్కటి కాదు. ఇంకొకటియు చూడవలెను: ఈ హెచ్చు కూలి విని ఇటీవలి సంవత్సరములలో బీహారునుండియు, బెంగాలునుండియు ముఠాలు వచ్చి తెలంగాణపు మడులలో నాట్లు వేయుచున్నవి. వెల పెరిగినచో అదనపు చేతులు వచ్చునని పండితులు చెప్పుమాట ఇచ్చట అక్షరాల జరిగినది. ఆ మాట నిజమైనచోట నిజమని ఒప్పుకొనవలెను.

కాని మా భేదము ఇంతటితో నిలువలేదు. వరికోత యంత్రముగలవాడు వచ్చి అడ్డుపడెను. అతడును ఇట్లే చెప్పును: “నాకును సంవత్సరములో కోతకాలము రెండు విడతలే. తక్కిన దినములు యంత్రము చెట్టుక్రింద తుప్పుపట్టును. అప్పు వాయిదా మాత్రము నెలనెలా వచ్చును.” ఇది నాటువేయు స్త్రీ మాటయే. యంత్రము ఉన్నదని అతని మాటను త్రోసిపుచ్చుట న్యాయము కాదు. ఆ యంత్రము అతనిది కాదు, అప్పిచ్చినవానిది. అతడు కోతకాలమున గంటకింత అని ముందుగా చెప్పి, ఆ రేటు మామూలు వేళకంటె హెచ్చైనను, మేము ఒప్పుకొనినచో అందు తప్పు మాకు కనబడదు.

తప్పు కనబడినది మరియొకప్పుడు. ఒక యాసంగిలో మా పొలము సగము కోసియుండగా పడమట నల్లని మబ్బు లేచినది. యంత్రము ఆగినది. నడుపువాడు దిగి, బీడీ వెలిగించి, మబ్బువైపు చూచి, మొదట మాటలాడిన రేటునకు ఇంకొంత కలిపి చెప్పెను. అతని యంత్రము మారలేదు, డీజిలు మారలేదు, అతని శ్రమ మారలేదు. మారినది మా నిస్సహాయత ఒక్కటియే. మబ్బును అతడు తెచ్చుకొనలేదు. ఐనను దానిని అమ్మెను. మేము అడిగినంత ఇచ్చితిమి, వడ్లు ఇల్లు చేరినవి. సొమ్ము పోయెనని మాకు చింతలేదు. కాని అతని మొగమును చూచునప్పుడెల్లను నేటికిని ఆ బీడీ మాకు కనబడును.

కెనడాలో జరుపబడి 1986లో ప్రకటింపబడిన ఒక పరిశోధన ఈ భావము మా ఒక్కరిదే కాదని చూపుచున్నది. కానమన్, నెచ్, థేలర్ అను ముగ్గురు పండితులు జనులను ఇట్లడిగిరి: మంచు పెద్దగా కురిసిన మరునాటి ఉదయము, పదునైదు డాలర్ల మంచుపారను దుకాణదారుడు ఇరువదికి అమ్మినచో న్యాయమా? నూటికి ఎనుబది యిద్దరు అన్యాయమనిరి. ఖర్చు పెరిగి వెల పెరిగినచో వారే అంతగా ఆక్షేపింపరు. జనులు వెలను చూచుటలేదు, వెల వెనుకనున్న కారణమును చూచుచున్నారు. మన ప్రభుత్వమును 2020 మార్చిలో కరోనా వ్యాపించినప్పుడు ముఖమునకు కట్టుకొను మూడుపొరల గుడ్డకు పది రూపాయలనియు, చేతులు కడుగు ద్రవము రెండువందల మిల్లీలీటర్లకు నూరు రూపాయలనియు హద్దు కట్టెను. ఆ హద్దువలన సరకు మరుగుపడెనా, లేక బీదవానికి అందెనా యని వాదింపవచ్చును. హద్దు కట్టవలెనని జనులకు తోచుటయందు మాత్రము వాదము లేకుండెను.

2025 ఆగస్టు 27, 28 తేదీలలో మా ప్రాంతమున కురిసిన వానను చూచినవారికి ఈ విషయము మరింత స్పష్టము. పోచారమునకు వచ్చిన వరద మునుపెన్నడును ఎరుగనిది. నూరేండ్లు దాటిన కట్ట మీదుగా నీరు దుముకుచుండగా క్రింది గ్రామములవారు ఇండ్లు విడిచిరి, కట్ట నిలిచినది. కామారెడ్డివద్ద జాతీయ రహదారి తెగెను. రైలుపట్టాల క్రింది మట్టి కొట్టుకొనిపోయెను. అట్టి రాత్రి ఒక ట్రాక్టరు పిల్లలను గట్టుకు చేర్చుటకు అక్కరపడినచో, అది రద్దీవేళయే. ట్రాక్టర్లు తక్కువ, కోరువారు ఎక్కువ. వెల చెప్పి పిల్లలనెక్కించువానిని వ్యాపారి అని పిలుచుటకు ఎవని నోరాడును?

ప్రాచీనులు ఈ చిక్కును ఎరుగనివారు కారు. కౌటిల్యుడు స్వదేశపు సరకుపై నూటికైదు, పరదేశపు సరకుపై నూటికి పది లాభమును మించనీయలేదు. రోములో సిసెరో ఒక కథను ఎత్తుకొని విచారించెను. రోడ్సు ద్వీపమున కరవు. అలెగ్జాండ్రియానుండి ధాన్యపు ఓడతో ఒక వర్తకుడు చేరెను. వెనుక మరికొన్ని ఓడలు వచ్చుచున్నవని అతనికి తెలియును; ద్వీపవాసులకు తెలియదు. చెప్పి తక్కువకు అమ్మవలెనా, చెప్పక హెచ్చునకు అమ్మవలెనా? చట్టము చెప్పుమనినంతయే చెప్పవలెనని ఒక పండితుడనెను. కొనువానికి తెలియవలసినది దాచరాదని మరియొకడనెను. సిసెరో రెండవవాని పక్షము. మా అభిప్రాయమును అదియే. చేతిఫోనులో వెల హఠాత్తుగా రెట్టింపైనప్పుడు, చుట్టుప్రక్కల ఎన్ని కార్లున్నవి, పదునైదు నిమిషములు నిలిచినచో ఎంతకు తగ్గును అని ఆ ఫోను చెప్పదు. వెనుక వచ్చు ఓడలు దానికి కనబడును, మనకు కనబడవు.

ఇక వెలను మానిన మాత్రమున న్యాయము కలుగునని భ్రమపడరాదు. ఈ విషయమున సంస్కారవాదులగు మా మిత్రులు తొందరపడుచున్నారని మాకు తోచును. 2023 డిసెంబరు 9వ తేదీనుండి తెలంగాణమున పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సులలో స్త్రీలకు చార్జీ లేదు. కూలికి పోవు స్త్రీ, కళాశాలకు పోవు బాలిక దానివలన పొందిన స్వేచ్ఛను మేము కన్నులార చూచితిమి. ఐనను స్థానములు నలుబదియే. టిక్కెట్టుపై లేని వెల, మెట్టుపై వ్రేలాడుటలో చెల్లింపబడుచున్నది. సేద్యపు కరెంటును చూడుడు. 2018 జనవరి 1వ తేదీనుండి ఇరువదినాలుగు గంటలును సరఫరా మొదలగువరకు, వెల లేని ఆ కరెంటు దినమునకు కొన్ని గంటలే, అదియు తరచుగా నడిరేయి వచ్చుచుండెను. నగరపు రద్దీవేళను కాపాడుటకు పల్లెటూరి రైతు తన నిద్రను ఇచ్చెను. చేతిలో దీపము పట్టుకొని గట్టున నడచి, పాముకాటునకును, తడిచేతి మీటకును బలియైనవారెందరో. అది బిల్లులో కనబడని రద్దీవేళ వెల. వరుసలో నిలుచుటయు ఉచితము కాదు. దినకూలివానికి మూడుగంటల వరుస సగము కూలి.

ఐతే వెలయు, వరుసయు, బలమును కాక నాలుగవ మార్గమొకటి మా కాలువగట్టున ఎప్పటినుండియో ఉన్నది. దానిపేరు వంతు. నీరు చాలని యాసంగిలో ఆయకట్టునంతటిని ఒక్కసారి తడుపక, భాగములు చేసి, వంతులమీద వదలుదురు. చెరువు క్రింద నీరటివాడు ఎవరి మడి ఎంతసేపు తడియవలెనో చూచును. వంతులలో మోసములు లేవని కాదు. తూమువద్దివాని పలుకుబడియు, కాలువ చివరివాని ఏడ్పును మేమెరుగుదుము. రాత్రిపూట గండి కొట్టినవారును కలరు. ఐనను కరవు వచ్చినప్పుడు నీటిని వేలము వేయుదమని మా ప్రాంతమున ఎవరును పైకి అనలేదు. అనినచో ఊరు నవ్వును. చివరి మడికిని ఒక తడి అందవలెనను భావము ముందు పుట్టినది. లెక్క దాని వెనుక వచ్చినది. బతుకమ్మ బస్సులయందు ఆ భావమే కొరవడినది. పండుగ ఎప్పుడు వచ్చునో పంచాంగము సంవత్సరము ముందే చెప్పును. మబ్బువలె అది హఠాత్తుగా లేవదు. ఏ ఊరికి ఎందరు పోవుదురో సంస్థకు నిరుటి టిక్కెట్లే చెప్పగలవు. ముందుగా తెలిసిన రద్దీకి ఏర్పాటు చేయక, ఆనాటి సాయంకాలము దానిని వెలగా మార్చుటయందు సోమరితనము కలదని మా అభిప్రాయము.

కండక్టరు మాట మాత్రము ఇంకను మిగిలియున్నది. ఖాళీగా వచ్చు బండి డీజిలు ఎవరియ్యాలె? సంస్థ ధర్మసత్రము కాదు. దాని నష్టము చివరకు ఆ వృద్ధుని మీదనే మరియొక రూపమున పడును. ఇందుకు మేమొక ప్రశ్ననే ఉత్తరముగా చెప్పుదుము. దసరాకు ముందటి దినమున నాగిరెడ్డిపేటనుండి హైదరాబాదునకు వచ్చు బస్సు నిజముగా ఖాళీగానే వచ్చును, మేము చూచితిమి. డ్రైవరు, కండక్టరు, వెనుక సీటులో కోళ్లగంపతో ఒక్కడు. ఆ ఒక్కనివద్ద సంస్థ మామూలు చార్జీ పూర్తిగా తీసికొనినది. వేళనుబట్టి వెల అను న్యాయము నిజమైనచో, నిండు బస్సులో సగము హెచ్చించినవారు, ఖాళీ బస్సులో సగము తగ్గింపవలదా? తగ్గించినచో నగరమున ఆసుపత్రిలోనున్న బంధువును చూడబోవువాడు, కూరగాయల గంప ఎత్తినవాడు, ఎల్లారెడ్డి కళాశాల కుర్రవాడు ఆ బస్సు ఎక్కుదురు. డీజిలులో కొంత వారే యిత్తురు. నిండు బస్సుపై వేయు భారము అంతమేరకు తగ్గును. ఏడాదికొకసారి పండుగకు పోవు వృద్ధుడు ఒకటిన్నర రెట్లిచ్చునప్పుడు, రెండవవైపు ఎవరికో సగమునకు చోటు దొరకినదని తెలిసినచో, అతడు సొమ్మును రెండుమారులు లెక్కించినను ఆ ప్రశ్న అడిగియుండడేమో.

మేము మాత్రము ఆ యేడు మిగిలిన నాట్లకు ముఠావారు అడిగినంత ఇచ్చితిమి. అరుగుమీద కూర్చున్నవారు మూడు దినములు మాతో సరిగా మాటలాడలేదు.